టిక్కు పెట్టిందెవరు

పదకొండో భాగం

కిందటి వారం టైలరమ్మను జిరాక్సు షాపు మెట్ల మీద వదిలి వచ్చాం. అప్పటికి ఆమె చేతిలో ఏడు కాగితాలున్నాయి, వాటిలో ఏముందో తెలియదు. ఇప్పటికి వాటిని నాలుగుసార్లు చదివింది. కొలతలు రాసుకునే పెన్సిలుతో పక్కన గీతలు పెట్టుకుంది. స్కూలు యూనిఫాంలు కుట్టే మనిషికి ఒక అలవాటుంటుంది. గుడ్డ కత్తిరించే ముందు కొలత రెండుసార్లు చూసుకోనిదే కత్తెర పట్టదు. ఈ కాగితాలు గుడ్డకన్నా ముఖ్యమైనవి కనుక నాలుగుసార్లు చూసుకుంది.

ఇంటి సంగతి మనకు తెలిసిందే. భర్త ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా లేతు మిషను మీద పనిచేస్తున్నాడు. ఊరంతా ఆయన్ని మేస్త్రి అనే అంటుంది. మెడలో నరం నొక్కుకుపోయి కుడిచేతి పట్టు తప్పుతోంది. ఇనప కడ్డీ మీద వెంట్రుకలో సగం తేడా వచ్చినా వేలి కొసతో పసిగట్టే మనిషి, ఇప్పుడు చొక్కా గుండీలు భార్య చేత పెట్టించుకుంటున్నాడు. ఎల్లుండి పొద్దున ఆపరేషను. మొదటి నుంచీ చూస్తున్న డాక్టరు చేస్తానన్నాడు, ఇంకో మూడు వారాలు దాటితే పట్టు తిరిగి రాదని కూడా చెప్పాడు.

అడ్డం పడింది బీమా. ఫ్యాక్టరీ వాళ్లందరికీ కలిపి తీసుకున్న ఆరోగ్య బీమా అది. బీమా కంపెనీ ఆ డాక్టరు ఉన్న ఆసుపత్రిని తన జాబితాలోంచి తీసేసింది. అప్పటికే అక్కడ వైద్యం జరుగుతున్నవాళ్లు ముప్పై రోజుల్లోగా ఒక ఫారం పంపితే అక్కడే కొనసాగవచ్చని నోటీసు ఇచ్చింది. మేస్త్రి ఫారం పంపలేదు. గడువు దాటిపోయింది. నోటీసు ఎక్కడికి పంపారని అడిగితే, ఈమెయిలుకి పంపామన్నారు. ఇకమీదట నాకు కాగితాలు వద్దు, అన్నీ ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే పంపండని మీ ఆయనే సమ్మతి ఇచ్చాడన్నారు. మేస్త్రికి ఈమెయిలు ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను.

ఈ రోజు సాయంత్రం అయిదింటికి బీమా కంపెనీ అనుమతి ఆసుపత్రికి చేరాలి. లేకపోతే ఎల్లుండి ఆపరేషను టేబులు మీద ఇంకో రోగి పడుకుంటాడు. జాబితాలో మిగిలిన ఆసుపత్రిలో వంతు రావడానికి మూడు నెలలు.

కథ ఇక్కడ ఉంది. టైం మూడుంబావు.

*

ఫిర్యాదుల విభాగం మూడో అంతస్తులో ఉంది. ఒకదానికొకటి అతికించిన ఇనప కుర్చీల వరసలో చివరి రెండింట్లో టైలరమ్మ, ఆమె మరిది కూర్చున్నారు. ఒకరు కదిలితే వరసంతా కదులుతోంది. గోడ మీద పెద్ద బోర్డు: మన ఆఫీసు కాగితరహిత ఆఫీసు. ఆ బోర్డు కింద బీరువా మీద, బీరువా పక్కన, కిటికీ గట్టు మీద ఫైళ్ల దొంతరలు.

"కాగితం లేని ఆఫీసంట వదినా. ఈ ఫైళ్లు తీస్తే కింద ఇంకో ఆఫీసు బయటపడేట్టుంది" అన్నాడు మరిది.

టైలరమ్మ నవ్వలేదు. మామూలు రోజైతే నవ్వేది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ నవ్వించేది అతనే. ఆమె కాపరానికి వచ్చేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. అత్తగారు పోయిన ఏడాది నుంచీ చిరుగుల చొక్కాలతో స్కూలుకి పోతున్నాడు. ఆమె కుట్టు నేర్చుకుని కుట్టిన మొదటి చొక్కా అతనికే. రెండు నెలల కిందట ఉద్యోగం పర్మనెంటు అయిన రోజున వేసుకున్న చొక్కా కూడా ఆమె కుట్టిందే. ఈ రోజు ఒక పూట సెలవు పెట్టి, తన బండి మీద ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాడు. రాగానే ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మెడలోంచి తీసి జేబులో పెట్టేసుకున్నాడు. నీలం రిబ్బను మాత్రం జేబు అంచున వేలాడుతోంది.

"లోపలికెళ్లాక ఈ రూల్సూ అవీ తీయకు వదినా. వాళ్లకు కోపం వస్తుంది. బతిమాలదాం. మా అన్న పరిస్థితి ఇదీ అని చెబుదాం. జాలిపడి చేస్తారు."

"జాలిపడి చేస్తే రేపు ఇంకొకడు జాలిపడకుండా ఆపేస్తాడు. రూలు ప్రకారం చేస్తే ఎవడూ ఆపలేడు."

"నీకు తెలీదు వదినా ఈ ఆఫీసుల సంగతి."

"తెలీదు కాబట్టే చదివాను" అని ఆమె బీమా షరతుల కాగితాలు సర్దుకుంది.

మరిది కాలు ఆడించడం మొదలుపెట్టాడు. కుర్చీల వరస మొత్తం ఊగింది. అవతలి చివర కునుకు తీస్తున్న పెద్దాయన కళ్లు తెరిచి ఇటు చూశాడు.

*

అధికారి యాభై దాటిన మనిషి. ముక్కు మీద కళ్లద్దాలు, నుదుటి మీద ఇంకో జత. మాట మర్యాదగానే ఉంది. టైలరమ్మ చెప్పినదంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. తర్వాత కంప్యూటరు తెరను కొంచెం ఆమె వైపు తిప్పాడు.

"చూడండమ్మా. ఇది మీవారి సమ్మతి రికార్డు. కిందటేడు ఆగస్టు పద్నాలుగో తేదీ, బుధవారం. పన్నెండు ముప్పై ఎనిమిదికి మీవారి ఫోన్‌కి ఓటీపీ వెళ్లింది. ముప్పై తొమ్మిదికి ఆ ఓటీపీ కొట్టారు. షరతుల పేజీ కిందికంటా దిగారు. టిక్కు పెట్టారు. నలభైకి నమూనా పత్రం తెరిచారు. ఇన్ని మెట్లు ఎక్కాకే మేం కాగితం ఆపుతాం. ఊరికే ఆపం."

"షరతుల పేజీ చదవడానికి ఎంతసేపు పట్టిందండీ?"

అధికారి తెర మీద వెతికాడు. "నలభై ఒక్క సెకన్లు."

"నాకు గంటన్నర పట్టింది సార్. నేను డిగ్రీ దాకా చదివాను. మా ఆయన పేపరు చదవాలన్నా వేలు పెట్టుకుని చదువుతాడు."

"ఎవరూ పూర్తిగా చదవరమ్మా. అందరికీ తెలిసిందే."

"చదవరని మీకు తెలుసు. అయినా చదివినట్టు రాసుకున్నారు."

అధికారి ముక్కు మీది అద్దాలు తీసి, నుదుటి మీది అద్దాలు దించుకున్నాడు. ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాడేమో అనిపించింది టైలరమ్మకు.

"మూడో పేజీ కింద రెండో పేరా" అని ఆమె కాగితం తిప్పింది. "సమ్మతి ఇచ్చే మనిషి తన సొంత ఫోనులోనో కంప్యూటరులోనో నమూనా పత్రం తెరిచి చూపించాలని ఉంది. ఎందుకంటే, తర్వాత మీరు పంపేవి ఆ మనిషి తెరవగలడో లేడో ముందే తేలాలి. అంతేనా సార్?"

"అంతే."

"మా ఆయన ఫోను ఇదీ." చేతిసంచీలోంచి తీసి టేబులు మీద పెట్టింది. అంకెలు అరిగిపోయిన బటన్ల ఫోను. "ఇందులో మీ నమూనా పత్రం తెరవండి. తెరుచుకుంటే నేను లేచి వెళ్లిపోతాను."

అధికారి ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తెరవడానికి ప్రయత్నించలేదు. మళ్లీ కంప్యూటరు వైపు తిరిగి ఇంకో వరస చదివాడు.

"నమూనా పత్రం తెరుచుకున్నది వేరే ఫోన్లో. టచ్ ఫోను. కానీ అమ్మా, ఓటీపీ మాత్రం ఈ ఫోనుకే వచ్చింది. అది చూసి చెబితేనే కదా అవతల కొట్టేది. మీవారు ఎవరికో చెప్పి చేయించుకున్నారన్న మాట. అయిదో పేజీ కూడా చదివే ఉంటారు."

చదివింది. అదే ఆమె భయపడుతున్న పేజీ. సరైన ఫోను లేనివాళ్లు, చదవడం రానివాళ్లు తమ ఇంట్లో వాళ్లనో తోటివాళ్లనో అడిగి సమ్మతి ఇప్పించుకోవచ్చు. అప్పుడది చెల్లుతుంది.

"ఆయన అడిగి చేయించుకుంటే చెల్లుతుంది. ఆయనకు తెలియకుండా చేస్తే చెల్లదు. ఈ రెండు మాటల మధ్యనే ఉందమ్మా మీ కేసంతా" అన్నాడు అధికారి. "చెల్లదని తేలిందనుకోండి, మేం పంపిన నోటీసు అందనట్టే లెక్క. ముప్పై రోజులూ మొదలవ్వనట్టే. ఆ ఫారం ఇప్పుడే ఇక్కడే తీసుకుని అయిదు నిమిషాల్లో ఆసుపత్రికి అనుమతి పంపుతాను. ఆ అధికారం నాకుంది. కానీ తేలాలి. రికార్డు అబద్ధం చెప్పదు కదా."

"రికార్డు అబద్ధం చెప్పదు సార్. రికార్డుకి ఎవరైనా అబద్ధం చెప్పొచ్చు."

పక్కనున్న మరిది చిన్నగా దగ్గాడు. "వదినా, సార్ చెప్పేది..." అన్నాడు. ఆమె చెయ్యి కొంచెం ఎత్తి ఆగమంది. ఆమె కళ్లు తెర మీది అంకెల మీదే ఉన్నాయి.

పన్నెండు ముప్పై ఎనిమిది. బుధవారం.

"సార్, ఆ టైంలో ఈ ఫోను మా ఆయన దగ్గర లేదు."

"ఎలా చెప్పగలరు?"

"ఫ్యాక్టరీలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. మిషన్ల దగ్గర ఫోను మోగితే చెయ్యి పోతుంది. గేటు దగ్గర గోడకి చెక్క అర ఉంటుంది. ఒక్కొక్కరికీ ఒక్కో గూడు, గూడు మీద టోకెను నంబరు. పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడు ఫోను అందులో పెట్టాలి. అందరూ పెట్టాక తలుపేసి తాళం వేస్తారు. మళ్లీ ఒంటిగంటకు భోజనానికి వదిలినప్పుడే తీస్తారు. మా చిన్నది మెట్ల మీద పడి గడ్డం పగిలిన రోజున పదకొండున్నర నుంచీ ఫోను చేస్తూనే ఉన్నాను. ఒంటిగంటా రెండు నిమిషాలకి ఎత్తాడు. ఆయన లేతు మీద ప్రతి ముక్కకీ జాబు కార్డు రాస్తాడు, ఎన్నింటికి మొదలుపెట్టాడో ఎన్నింటికి దించాడో. ఆ బుధవారం కార్డు తెప్పించుకోండి. పన్నెండు ముప్పై ఎనిమిదికి మా ఆయన మిషను దగ్గరుంటాడు. ఫోను గూట్లో ఉంటుంది."

ఎన్నాళ్లుగానో బిగుసుకున్న ముడి ఒక్క లాగుతో వదులైనట్టు ఆమె గొంతు తేలికపడింది. అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత కీబోర్డు మీద కొంతసేపు కొట్టాడు. తెరను మళ్లీ తనవైపే తిప్పుకున్నాడు. అతని ముఖంలో మర్యాద అలాగే ఉంది, తీరిక మాత్రం పోయింది.

"ఆ టచ్ ఫోను తయారీ నంబరుతో వెతికానమ్మా. ఆ ఒక్క ఫోను నుంచే ఆ రోజు పదకొండింటికీ ఒంటిగంటకీ మధ్య నలభై మూడు మంది సమ్మతులు వచ్చాయి. అందరూ మీ ఫ్యాక్టరీ వాళ్లే."

అధికారి పెన్ను కింద పెట్టాడు.

"అంటే ఎవరో ఆ అర తాళం తీసి, ఒక్కో ఫోనుకూ వచ్చిన ఓటీపీ చూసి, తన ఫోన్లో కొట్టుకుంటూ పోయారు" అన్నాడు అధికారి నెమ్మదిగా. "మీరు చెప్పింది నిజమైతే అలాగే జరిగి ఉండాలి. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"టైం ఆఫీసులో" అంది టైలరమ్మ.

అన్నాక వినిపించింది ఆమెకు తను అన్న మాట.

టైం ఆఫీసులో ఉండేది ఇద్దరు. ఒకాయన పోయిన ఏడాదంతా కంటి జబ్బుతో సెలవు మీద ఉన్నాడు. రెండో మనిషి, వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ హాజరు వేసి, అరకు తాళం వేసి తీసే మనిషి, ఆమె పక్క కుర్చీలో ఉన్నాడు. ఆమె తల తిప్పలేదు. తిప్పనవసరం లేకపోయింది. ఇందాకటి నుంచీ ఆడుతున్న అతని కాలు ఆగిపోయింది.

"టైం ఆఫీసులో ఎవరు?"

"సార్, ఒక్క పది నిమిషాలు బయటికెళ్లి వస్తాం. కాస్త మంచినీళ్లు తాగి వస్తాను."

అధికారి గోడ గడియారం చూశాడు. నాలుగూ అయిదు. "వెళ్లి రండి. కానీ నాలుగున్నరకల్లా మీ వాంగ్మూలం రాసి సంతకం పెట్టాలి. తర్వాత నా చేతిలో ఉండదు."

*

నడవా చివర నీళ్ల డ్రమ్ము ఉంది, గ్లాసు లేదు. టైలరమ్మ ఆ డ్రమ్ముకి ఆనుకుని నిలబడింది. మరిది ఎదురుగా గోడ చూస్తూ నిలబడ్డాడు.

"నీ ఫోనేనా?"

అతను గోడ మీది పెచ్చును గోటితో గీకాడు.

"నేను అడుగుతున్నది ఇంగ్లీషా? నీ ఫోనేనా అంటున్నాను."

"ఊఁ."

"నలభై మందివీ?"

"నలభై మూడు." తప్పు సరిదిద్దడం అతని ఉద్యోగపు అలవాటు. సరిదిద్దాక తలవంచుకున్నాడు. "మేనేజరు శుక్రవారంలోగా వంద శాతం కావాలన్నాడు వదినా. ఫ్యాక్టరీ మొత్తం కాగితం మానేస్తే బీమా కంపెనీ మాకేదో రాయితీ ఇస్తుందంట. భోజనం టైంలో ఒక్కొక్కడినీ పిలిచి చెబితే ఒక్కడు వినడు. సంతకమంటే పారిపోతారు, టిక్కంటే భయపడతారు. అప్పుడు నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ఫైలు ఆ మేనేజరు టేబులు మీదే ఉంది."

"అందుకని."

"అందుకని గూళ్లు తెరిచి నేనే చేసేశాను. ఓటీపీ తెర మీదే కనబడుతుంది, ఫోను తెరవక్కర్లేదు. ఈమెయిళ్లు కూడా నేనే పెట్టాను. టోకెను నంబరూ ఫ్యాక్టరీ పేరూ కలిపి. ఎవరికీ నష్టం లేదనుకున్నా. ఆ కాగితాలు వచ్చినా ఎవరు చదువుతారు వదినా? మనింటికి వచ్చినవి నువ్వు నమూనాలు కత్తిరించడానికి వాడేదానివి."

అది నిజమే. బీమా కంపెనీ కాగితాలు మందంగా ఉంటాయని కాలరు నమూనాలు వాటి మీదే కత్తిరించేది. కానీ కత్తిరించే ముందు చదివేది. ఆ మాట అతనితో అనలేదు.

"వాళ్ల మెయిళ్లన్నీ ఎక్కడికి వస్తాయి?"

"నా ఫోనుకే."

"ఈ నోటీసు కూడా?"

ఈసారి అతను గోడ మీంచి చూపు తీసి నేల మీద పెట్టాడు. కింద వీధిలో లారీ ఒకటి వెనక్కి పోతూ కీచుమని అరిచి, ఆగింది.

"పోయిన నెల నాలుగో తేదీనే వచ్చింది. చదివాను."

ఇంతసేపూ ఆమెకు కోపమే రాలేదు. కుర్రతనం, భయం, మేనేజరు, ఇవన్నీ అర్థం చేసుకోదగ్గవే. ఇప్పుడు మాత్రం డ్రమ్ము వదిలి అతని ఎదుటికి వచ్చింది.

"చదివావు."

"ఫారం నేనే నింపి పంపేద్దామనుకున్నా వదినా, ఒట్టు. దానికి అన్న సంతకం కావాలి. సంతకం అడిగితే ఈ నోటీసు నీకెందుకొచ్చిందిరా అంటాడు. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ..."

"ముప్పై రోజులు. నువ్వు రోజూ మా ఇంట్లోనే అన్నం తిన్నావు. ఆయన ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటుంటే ఎదురుగా కూర్చుని తిన్నావు."

మరిది ముఖం చేతులతో తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, తొందరగా, ఎవరో తరుముతున్నట్టు మాట్లాడాడు. "వదినా, అర తాళం ఆ రోజు సరిగ్గా పడలేదని రాద్దాం. ఎవరో తీసి చేశారని రాద్దాం. ఎవరో తెలీదందాం. నా పేరు బయటికొస్తే ఉద్యోగం ఒక్కటే కాదు. నలభై మూడు మంది ఫోన్లు దొంగచాటుగా తీసినట్టు. పోలీసుల దాకా పోతుంది. రెండు నెలలు కాలేదు వదినా పర్మనెంటు అయ్యి."

"ఎవరో అంటే లోపలాయన ఒప్పుకుంటాడా?"

"అడిగి చూడొచ్చుగా."

ఆమె అతని చొక్కా కాలరు చూసింది. తనే కుట్టింది. ఎడమ వైపు మొన కొంచెం తిరగబడి ఉంది. ఇస్త్రీ చేసేటప్పుడు ఎప్పుడూ తిరగబడేదే. వేలితో సరిచేయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పద" అంది.

*

అధికారి ఒక ఫారం సిద్ధంగా పెట్టాడు. భర్త తరఫున భార్య ఇచ్చే వాంగ్మూలం. టైలరమ్మ రాసింది. రాత గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా వచ్చింది. నా భర్తకు ఈమెయిలు లేదు. సమ్మతి నమోదైన టైంలో ఆయన ఫోను ఆయన దగ్గర లేదు. సమ్మతి గురించి ఆయనకు తెలియదు. మూడు వాక్యాలు రాసి పెన్ను ఆపింది.

ఫారంలో చివరి గడి ఖాళీగా ఉంది. సమ్మతి నమోదు చేసిన వ్యక్తి ఎవరో తెలిస్తే పేరు, వృత్తి, సంబంధం.

"సార్, ఇది ఖాళీగా వదిలేస్తే?"

"వదిలేయొచ్చు. అప్పుడు విచారణకి పంపాలి. పదిహేను రోజులు." అధికారి ఆమెనే చూస్తున్నాడు. "నాకు పంపాలని లేదమ్మా. కానీ నలభై మూడు మంది విషయం తెలిశాక, ఎవరో తెలీదంటే నేను సంతకం పెట్టలేను. తెలిస్తే పెట్టగలను."

గడియారంలో నాలుగూ ఇరవై రెండు.

ఆమె ఆ గడి వైపు చూసింది. రెండు అంగుళాల పొడవు, అరంగుళం వెడల్పు. ఎంత చిన్న గుడ్డ ముక్కనైనా దేనికో ఒకదానికి వాడటం ఆమెకు తెలుసు. ఈ రెండంగుళాల్లో ఒకవైపు ఒకరి చెయ్యి, ఇంకోవైపు ఒకరి బతుకు. రెండూ పట్టవు.

పెన్ను కాగితం దాకా తెచ్చింది. అప్పుడే అధికారి మరిది వైపు తిరిగాడు. అతని కళ్లు ఆ జేబు అంచున వేలాడే నీలం రిబ్బను మీద ఆగాయి.

"మీరూ ఆ ఫ్యాక్టరీలోనేనా?"

"అవునండి."

"ఏ విభాగం?"

మరిది వదిన వైపు చూశాడు. ఆమె పెన్ను ఎత్తలేదు, కిందికీ దించలేదు. అతను చెప్పనీ అనుకుంది. తను రాయడం కన్నా అతను చెప్పడం అతనికే మంచిది. చెప్పి తలెత్తుకుంటే, మిగిలింది తర్వాత చూసుకోవచ్చు. మేనేజరు దగ్గరికి తనే వెళ్తుంది. నలభై మూడు ఇళ్లకీ తనే వెళ్తుంది. ఇదంతా ఆమె మనసులో ఒక్క క్షణంలో కుదిరిపోయింది.

"టైం ఆఫీసండి" అన్నాడు మరిది. "ఆ సమ్మతి నేనే పెట్టాను సార్."

టైలరమ్మ పెన్ను గడి మీదికి దించింది.

"కానీ మా అన్న చెప్తేనే పెట్టాను. నాకు ఇవన్నీ చేతకావురా, నువ్వే చూసి చేసెయ్యి అన్నాడు. మిగతా వాళ్లూ అంతే. అందరూ చెప్తేనే చేశాను."

ఆమె చేతిలో పెన్ను కాగితం మీద ఒక చుక్క పెట్టింది. చుక్క మెల్లగా పెద్దదైంది.

అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. "అలా అయితే చెల్లుతుందమ్మా. అయిదో పేజీ."

"అబద్ధం సార్."

"మీరు అబద్ధమంటున్నారు, ఆయన నిజమంటున్నారు. అన్నదమ్ములిద్దరి మధ్య ఏం జరిగిందో మీరు చూశారా?"

చూడలేదు. ఆమె మరిది ముఖంలోకి చూసింది. అతను టేబులు అంచు చూస్తున్నాడు. చిన్నప్పుడు ఇంక్ బుడ్డి పగలగొట్టి పిల్లి పడేసిందన్న రోజున కూడా ఇలాగే చూశాడు. ఆ రోజు పిల్లిని తిట్టి ఊరుకుంది. ఇప్పుడనిపించింది, ఊరుకోకుండా ఉండాల్సిందేమో అని.

"మా ఆయన్నే అడగండి" అంది. "ఇంటి పక్కాయన ఫోను నంబరు ఇస్తాను. ఆయన్ని పిలుస్తారు. మీరే మాట్లాడండి. నేను ఒక్క మాట అందించను."

మరిది తల చటుక్కున లేచింది. "అన్నని ఎందుకు వదినా ఇందులోకి..."

"ఆయన చెయ్యే కదరా పోయేది."

అధికారి టేబులు మీది ఫోనులో నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టాడు. నాలుగూ ఇరవై ఏడు. అవతల ఎవరో ఎత్తారు, కేకేశారు. చెప్పుల చప్పుడు. గిన్నె ఏదో పడింది. ఎడమచేత్తో ఫోను పట్టుకోవడం మేస్త్రికి ఇంకా కుదరలేదని టైలరమ్మకు ఇక్కడినుంచే కనబడింది.

"హలో. చెప్పండి."

అధికారి తనెవరో చెప్పాడు. నిదానంగా, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. "కిందటేడు బీమా కాగితాలు ఇకమీదట ఫోనుకి పంపమని మీ పేరు మీద ఒక సమ్మతి వచ్చింది. మీ తమ్ముడు పెట్టాడు. మీరు చెప్పే పెట్టాడా? మీకు తెలియకుండా పెట్టాడా? జాగ్రత్తగా ఆలోచించి చెప్పండి. మీరు చెప్పేదాన్ని బట్టే మీ ఆపరేషను."

మేస్త్రి ఆలోచించేటప్పుడు ముక్కుతో ఊపిరి బలంగా తీస్తాడు. అది ఫోనులో వినబడింది.

"మా తమ్ముడు అక్కడే ఉన్నాడా సార్?"

"ఉన్నారు."

"వాడేం చెప్పాడు?"

"అది నేను చెప్పకూడదు. మీరు చెప్పండి."

"నాకు ఆ టిక్కులూ అవీ గుర్తుండవు సార్" అన్నాడు మేస్త్రి. గొంతులో చిన్న నవ్వు కూడా ఉంది. "వాడు మా ఇంట్లో చదువుకున్నోడు. నాకు తెలిసి వాడు నా దగ్గర ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. వాడు ఏం చెప్పాడో అదే నేను చెప్పాననుకుని రాసుకోండి."

అధికారి పెన్ను మూత తీశాడు. తీసి, రాయకుండా, టైలరమ్మ వైపు చూశాడు. మాట అందించనని ఆమె అన్న మాట ముగ్గురికీ గుర్తుంది.

ఆమె మాట అందించలేదు. లేచి, టేబులు మీది ఫోనును రెండు చేతులతో ఎత్తి, తీగ అందినంత దూరం జరిపి, మరిది ముందు పెట్టింది. పెట్టి, కూర్చోకుండా అలాగే నిలబడింది.

"ఒరే చిన్నోడా" అంది ఫోనులోని గొంతు. "ఏం చెప్పావురా?"

మరిది రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించుకున్నాడు. వదిన వైపు చూడలేదు, అధికారి వైపు చూడలేదు. ఫోనుకేసి చూస్తూ నోరు తెరిచాడు.